సగం దగ్గర ఆగిన ముల్లు

నివేదిక పద్నాలుగు పేజీలు. అందులో వసుంధరని ఆపేసినవి రెండే మాటలు. తెలిసి కూడా.

'పెట్రోలు ముల్లు ఖాళీ గుర్తు మీద ఉందని తెలిసి కూడా డ్రైవర్ హన్మాండ్లు వాహనాన్ని ఎడారిలోకి తీసుకువెళ్ళాడు.' ఆ వాక్యం కింద ఒక ఫోటో. పాత తెల్ల జీపు డాష్‌బోర్డు, తిప్పి ఉన్న తాళం, ఖాళీ గుర్తు మీద వాలిపోయిన ముల్లు. ఫోటో తీసిన సమయం ఆగస్టు పదమూడు, ఉదయం తొమ్మిదింబావు.

ఆమె ఆ వాక్యాన్ని ఆఫీసులో రెండుసార్లు చదివింది, కారులో ఇంకోసారి చదివింది. చనిపోయిన మనిషికి ఏం తెలుసో ఇంత నిబ్బరంగా రాయగలిగిన చేతి మీద ఆమెకి కోపం వచ్చింది. ఆ కోపాన్ని దారిలో ఎవరి మీదా పారబోయకుండా, నిండు బిందె మోసినట్టు, అల్ వక్రా అనే గల్ఫ్ పట్టణంలో హన్మాండ్లు పనిచేసిన కంపెనీ యార్డు దాకా మోసుకొచ్చింది.

బీమా సంస్థలో ఆమెది దర్యాప్తు ఉద్యోగం. పదకొండేళ్ళ నుంచీ అదే పని. నివేదిక రాసిన చైతన్య బయటి సర్వేయర్. ప్రమాదం జరిగిన చోటికి వెళ్ళి, చూసి, కారణం రాసిస్తాడు. ఆమె సంతకం పెడితే ఫైలు మూసేస్తారు. అందుకు గడువు ఈ రోజు, ఆగస్టు పద్దెనిమిది, మధ్యాహ్నం ఒంటిగంట. ఇప్పుడు పదకొండూ ఇరవై.

జరిగినదానిలో ఎవరూ కాదనలేనిది కొంత ఉంది. పదకొండో తేదీ ఉదయం అయిదున్నరకి హన్మాండ్లు ఈ యార్డు నుంచి బయల్దేరాడు. డెబ్భై నాలుగు కిలోమీటర్ల దూరంలో ఎడారిలో కంచె పని చేస్తున్న మనుషులకి తాగునీళ్ళ పెట్టెలు దింపాడు. తిరుగుదారిలో ముప్పై ఎనిమిదో కిలోమీటరు దగ్గర బండి ఆగింది. ట్యాంకులో చుక్క లేదు. ఫోనుకి సిగ్నల్ లేదు. అతను నడిచాడు. సాయంత్రం అయిదింటికి ఒంటెల కాపరి చూసేసరికి తారురోడ్డుకి నాలుగు కిలోమీటర్ల ఇవతల పడి ఉన్నాడు. నలభై పెట్టెల నీళ్ళు పంచి వచ్చిన మనిషి పక్కన ఒకే ఒక్క సీసా దొరికింది. అదీ ఖాళీది.

కాదనవలసింది మిగతాది.

కంటైనర్‌లో పెట్టిన ఆఫీసు గదిలో గజేందర్ నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. అదే బండికి రెండో డ్రైవరు. హన్మాండ్లు అతని అక్క మొగుడు. బల్ల మీద ఒక కాగితం, దాని మీద పెన్ను. రవాణా ఇన్‌చార్జి శ్రీరామమూర్తి ఆ పెన్నుని వేలితో కొంచెం కొంచెంగా అతని వైపు జరుపుతున్నాడు.

"రండి మేడమ్ గారూ. టీ చెప్పమంటారా? ఇదిగో, అబ్బాయి సంతకం పెట్టేస్తే మీకూ పని తేలికైపోద్దండి."

"ఏం రాసుంది అందులో?"

"ఏముందండీ. పదో తారీఖు సాయంత్రం ట్యాంకు నింపాడు. రాత్రికి రాత్రి అందులోంచి పెట్రోలు తోడి అమ్మేసుకున్నాడు. పొద్దున్నే ఆ హన్మాండ్లు ముల్లయినా చూసుకోకుండా వెళ్ళిపోయాడు. ఇద్దరిదీ తప్పేనండి."

"అది ఆయన నోటితో వింటాను. మీరు కాసేపు బయట కూర్చోండి."

"బయట ఎండండి."

"తెలుసు. హన్మాండ్లు నడిచిన ఎండే."

శ్రీరామమూర్తి బయటికి వెళ్ళాడు. తలుపు మూసుకున్నాక గజేందర్ పెన్ను తీసుకున్నాడు.

"ఎక్కడ పెట్టాల్నో చెప్పుండ్రి మేడం. పెడ్త."

"పెట్రోలు తోడారా?"

"లేదు."

"మరి సంతకం ఎందుకు?"

"బావ ఏడు దినాల సంది ఆ ఐసు పెట్టెల ఉన్నడు మేడం. ఫైలు ఖతమైతేనే బాడీ పంపిస్తరట, మూర్తి సార్ జెప్పిండు. మా అక్క సుమలత దినాం ఫోన్ జేస్తది. దుబాయ్ల ఎవల్ని అడగాల్నో చెప్పురా, నేనే అడుగుత అంటది. గిది దుబాయ్ గాదక్కా అని జెప్పుడు గూడ ఇడిసిపెట్టిన."

వసుంధర కుర్చీ లాక్కుని కూర్చుంది. అతన్నీ కూర్చోమంది. అతను కూర్చోలేదు.

"పదకొండో తేదీ పొద్దున మీ ఇద్దరి మధ్య ఫోన్లో మాటలు నడిచాయని నివేదికలో ఉంది. వినిపిస్తారా?"

అతను జేబులోంచి ఫోను తీశాడు. వెతకనక్కర్లేకపోయింది. తెరిస్తే అదే ఉంది. అయిదూ ఇరవై రెండుకి వచ్చిన గొంతు, నిద్ర వదిలిన హుషారుతో:

"ఏం బామ్మర్దీ, చిన్న మీటరు సున్న మీదున్నది. యార్డులకు తెచ్చినంక సున్న జేసినవా ఏంది? నింపినవు గదా? సైటోళ్ళకు నీళ్ళు ఒడిసినయట. బోతున్న నేను."

దాని కింద, అయిదూ ఇరవై నాలుగుకి, మగతలో ఉన్న గజేందర్ గొంతు: "ఫుల్ నింపిన బావా. పో."

ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "నేనే పో అన్న మేడం. నా మాట ఇని పోయిండు. గా కాగితంల ఏం రాసినా నాకు ఒకటే."

"నాకు ఒకటి కాదు," అంది వసుంధర. "బండిలో ముల్లుంది కదా. అది ఖాళీ చూపిస్తుంటే ఆయన మిమ్మల్ని అడగడం ఎందుకు?"

"అది సూపిస్తే గదా. మూడు నెలల సంది ఆ ముల్లు సగం కాడనే ఉన్నది. నింపినా సగమే, ఎండినా సగమే. మూర్తి సారుకు రెండుసార్లు జెప్పినం. ముసలి బండి, ఎట్లనో అట్ల నడుపుకోండ్రి అన్నడు."

"ఎట్లా నడుపుకున్నారు?"

"మీటరుతోని. ట్యాంకు నింపుతనే పంపు కాడ చిన్న మీటరు సున్న జేస్తం. అది మూడువందలు తిరిగిందంటే ఎవల డ్యూటీ ఉన్నా మళ్ళ నింపాలె. సున్న ఉన్నదంటే ట్యాంకు ఫుల్లు. గది మా ఇద్దరి లెక్క. మేం తప్ప ఆ బండి ఎవలు ముట్టరు."

"పంపు నుంచి ఈ యార్డుకి ఎంత దూరం?"

"ఆరు కిలోమీటర్లు."

"అయితే పొద్దున చిన్న మీటరు ఆరు మీద ఉండాలి. సున్నా మీద ఎలా ఉంది?"

గజేందర్ మొదటిసారి తలెత్తి ఆమెని చూశాడు. 

"బావ అదే అడిగిండు మేడం. నేను నిద్రల ఉన్న. సోంచాయించలే."

వసుంధర బల్ల మీది కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. "ఒంటిగంట దాకా ఇది నా దగ్గర ఉంటుంది. ఆ తర్వాత మీ ఇష్టం."

రేకుల షెడ్డు కింద జీపు నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళ బండి, అంకెల చక్రాలు తిరిగే పాత మీటరు. వసుంధర మొదట దాని ఫోటోలు తీసింది. బండి మొత్తం తిరిగిన దూరం చూపే పెద్ద మీటరు 4,12,692. చిన్న మీటరు 112. ఎడారి నుంచి లారీ మీద ఎక్కించి తెచ్చాక ఈ బండిని ఎవరూ నడపలేదు. డెబ్భై నాలుగు పోనూ, ముప్పై ఎనిమిది రానూ, నూట పన్నెండు. హన్మాండ్లు తిరిగిన దూరం అంతవరకూ సరిపోయింది.

ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో కార్ల కరెంటు పని చేసే ముజఫ్ఫర్ అలీని ఆమె వెంట తెచ్చుకుంది. హైదరాబాదు పాతబస్తీ మనిషి. గడ్డం నెరిసింది, చేతులు నెరవలేదు. వెనక సీటు పైకి మడిచి, నేల మీద చాప తొలగించి, ట్యాంకు మీది గుండ్రటి రేకు మూత దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మేడమ్, ముల్లు అబద్ధం చెప్తుందంటే మూడే జాగాలు. ముందర ముల్లు తిరిగే గడియారం, నడుమ వైరు, ఎనక ట్యాంకుల తేలే బుడ్డి. ఒక్కొక్కటి అడుగుదాం. గజేందర్ భాయ్, తాళం తిప్పు. ఇంజన్ షురూ చెయ్యకు."

గజేందర్ తాళం తిప్పాడు. ముల్లు ఖాళీ మీద ఉంది. ఫోటోలో ఉన్నట్టే.

"ఇది సగం కాడ ఉండాలె," అన్నాడు గజేందర్. అతని గొంతులో భయం. "అల్లా తోడు, మేడం, సగం కాడనే ఉండె." పక్కనున్న ముజఫ్ఫర్ అలీని చూసి ఆ మాట వచ్చిందని అతనికే తెలియలేదు.

"నీ దేవుడి మీద ఒట్టేసుకో భాయ్, నా దేవుడికి ఎండాకాలం పని ఎక్కువ," అన్నాడు ముజఫ్ఫర్ అలీ, వైరు ఊడదీస్తూ. ఊడదీసిన కొసని బండి రేకుకి తగిలించాడు. ముల్లు మెల్లగా లేచి నిండు గుర్తు దాకా పోయింది. తీశాడు. మళ్ళీ కిందికి వచ్చింది.

"గడియారం అచ్చా. వైరు అచ్చా. రెండూ నిజమే చెప్తున్నయి."

"చెప్పాను కదా." మాట షెడ్డు బయటి నుంచి వచ్చింది.

చైతన్య. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చేతిలో ఫోను. వెనకాల శ్రీరామమూర్తి. పన్నెండూ అయిదు.

"వసుంధర గారూ, మీరు మెకానిక్ ఎప్పుడయ్యారు? నా రిపోర్ట్ చదివితే సరిపోయేది. గేజ్ పర్ఫెక్ట్‌గా పని చేస్తోంది. ఆల్రెడీ టెస్ట్ చేసి రాశాను."

"చదివాను. పెద్ద మీటరు అంకె మీరు ఎక్కడా రాయలేదు."

"అవసరం లేదు కాబట్టి. ట్యాంకు ఖాళీ, ముల్లు ఖాళీ. ఇంకేం కావాలి?" అతను గజేందర్‌ని లేవమని చేత్తో సైగ చేసి, తనే డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఎడమ చేయి స్టీరింగు మీద పడింది. కుడి బొటనవేలు మీటరు కింద పొడుచుకొచ్చిన చిన్న గుండీని నొక్కింది. నూట పన్నెండు కదిలిపోయి సున్నా వచ్చింది. అతను ఆ వేలి వంక చూడలేదు. తాళం తిప్పాడు. "ఇదిగో చూడండి. ఈ ముల్లు సగం దగ్గర ఇరుక్కుపోయిందని వీడు మీకు కథ చెప్పుంటాడు. ఎక్కడుంది సగం?"

వసుంధర ముల్లుని చూడలేదు. ఆ సున్నాని చూసింది. అతని బొటనవేలిని చూసింది.  

"వీడు అనకండి," అంది. "ఆయనకి పేరుంది."

"సరే. గజేందర్ గారు. పెట్రోలు దొంగ గారు."

గజేందర్ ఒక అడుగు ముందుకు వేశాడు. వసుంధర చెయ్యి అడ్డం పెట్టలేదు, ఊరికే అతని పేరు పలికింది. అతను ఆగాడు.

"మీ మేనేజర్ ఫరీదుద్దీన్‌తో పొద్దున్నే మాట్లాడాను," అన్నాడు చైతన్య. "ఒంటిగంటకి మీరు సంతకం పెట్టకపోతే ఆయనే పెడతారు. యల్లా, తేల్చేయండి. ఆ బాడీ ఇంటికి వెళ్ళాలని మీకు లేదా?"

"ఆ మాట మీరు మాట్లాడకండి," అంది ఆమె. గొంతు పెంచలేదు. అయినా శ్రీరామమూర్తి ఒకడుగు వెనక్కి వేశాడు. "ముజఫ్ఫర్ భాయ్, మూత తీయండి."

"దానికి కంపెనీ పర్మిషన్ కావాలి," అన్నాడు చైతన్య.

"బండి మా బీమాలో ఉంది. దాన్ని విప్పి చూసే హక్కు ఒప్పందంలోనే ఉంది. మీకు తెలియని సంగతి కాదు."

ముజఫ్ఫర్ అలీ మూతకున్న మరల మీద వేలు పెట్టి ఆగిపోయాడు. "మేడమ్, ఇటు రాండి. బండి మొత్తం ఎర్ర దుమ్ము. ఈ మరల చుట్టూత ఏమన్న ఉందా? తుడిచిన పళ్ళెం లెక్క ఉంది." మరలు చేత్తోనే వదులయ్యాయి. మూత కింద రబ్బరు చుట్టు నల్లగా, మెత్తగా, కొత్త చెప్పు అట్ట లాగా ఉంది. అతను ట్యాంకులోంచి సన్నటి కడ్డీని, దాని చివర వేలాడుతున్న తేలే బుడ్డిని బయటికి తీశాడు.

కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"మూర్తి సాబ్, ఇది ఎన్నేండ్ల సామాను?"

"బండితో వచ్చిందే అనుకుంటా," అన్నాడు శ్రీరామమూర్తి.

"ఇరవై ఏండ్లు పెట్రోల్‌ల నానితే ఇది చాయ్ రంగు కావాలె. గది ఇడిసిపెట్టండి." కడ్డీ పై సగాన్ని వసుంధర ముందు పెట్టాడు. "వాసన చూడుండ్రి. మూత తీసినంక ట్యాంకుల ఆవిరి వాసన తగుల్తది, అది వేరే. దీని మీద ఒక్క మరక లేదు, జిడ్డు లేదు. ఫ్యాక్టరీల పూసిన నూనె గూడ అట్లనే ఉంది. మేడమ్, ఇది ఒక్కసారి గూడ పెట్రోల్‌ల మునగలే. అంటే ట్యాంకు ఎండినంకనే ఇది లోపలికి పోయింది."

ముజఫ్ఫర్ అలీ చిన్న అద్దం, వేడెక్కని బ్యాటరీ లైటు తీసి రంధ్రంలోకి చూశాడు. "ఇగో. ట్యాంకు లోపల అడ్డం ఒక రేకు ఉంటది. సరిగ్గ సగం ఎత్తుకాడ దాని మీద తెల్లగ గీసుకపోయింది. పాత కడ్డీ వంగి ఈడ ఇరికింది. రోజూ కుదుపులకు రాసుకుంట రాసుకుంట మూడు నెలలు ఈడనే ఉంది. భాయ్ చెప్పింది నిజం. ముల్లు సగం కాడనే ఆగింది."

గజేందర్ జీపు తలుపు పట్టుకున్నాడు.

వసుంధర శ్రీరామమూర్తి వైపు తిరిగింది. "పన్నెండో తేదీ ఉదయం ఎనిమిదింటికి బండి ఇక్కడికి వచ్చింది. పదమూడు తొమ్మిదింబావుకి చైతన్య గారు ఫోటో తీశారు. ఆ మధ్యలో ఇది మార్చారు. ఎవరు మార్పించారు?"

"అదేనండి, మామూలుగా మెయింటెనెన్సు..."

"మూడు నెలలు చెప్పినా చెయ్యని మెయింటెనెన్సు, మనిషి పోయిన మర్నాడు గుర్తొచ్చిందా?"

"నాదేం లేదండి మేడమ్ గారూ. నేను..." అతని చూపు చైతన్య మీదికి వెళ్ళి, అక్కడ ఉండలేక నేల మీదికి దిగింది.

"మూర్తి గారూ, అనవసరంగా మాట్లాడకండి," అన్నాడు చైతన్య.

"మాట్లాడకండి అన్నది ఎవరో గుర్తుపెట్టుకుంటాను," అంది వసుంధర. సంచిలోంచి ఒక చీటీ తీసి బానెట్ మీద పెట్టింది. "ఇది పెట్రోలు పంపు రికార్డు. కంపెనీ కార్డు వాడితే అక్కడ పెద్ద మీటరు అంకె కూడా ఎక్కిస్తారు. పదో తేదీ సాయంత్రం ఆరూ నలభై రెండు. ట్యాంకు నిండింది. మీటరు 4,12,318. గజేందర్, పంపు నుంచి యార్డుకి?"

"ఆరు."

"హన్మాండ్లు తిరిగింది నూట పన్నెండు. మొత్తం నూట పద్దెనిమిది. ఇప్పుడు పెద్ద మీటరు ఎంతుండాలి?"

గజేందర్ పెదవులతో లెక్క కట్టాడు. "నాలుగు లక్షల పన్నెండు వేల నాలుగువందల ముప్పయ్యారు."

"ఉన్నది ఆరువందల తొంభై రెండు. రెండువందల యాభై ఆరు కిలోమీటర్లు ఎక్కువ. పదో తేదీ సాయంత్రం ఏడు నుంచి పదకొండో తేదీ పొద్దున అయిదున్నర లోపల ఎవరో ఈ బండిని అంత దూరం నడిపారు. పెట్రోలు ఎవరూ తోడలేదు. ఎవరో తగలేశారు."

"క్యాంపులో డ్రైవర్లు ఇష్టమొచ్చినట్టు తిరుగుతారు," అన్నాడు చైతన్య. "వీళ్ళిద్దర్లో ఎవరో ఒకరు."

"వీళ్ళకి సున్నా అంటే ట్యాంకు నిండుగా ఉందని. తిరిగి వచ్చి, నింపకుండా, సున్నా చేసే పని వీళ్ళిద్దరూ చెయ్యరు. అది వాళ్ళ ప్రాణం మీది లెక్క. ఎవరి ప్రాణానికీ సంబంధం లేని మనిషెవరో, అలవాటు కొద్దీ, ఆ గుండీ నొక్కాడు." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు సీట్లో కూర్చుని మీరు నొక్కినట్టు."

చైతన్య మీటరు వంక చూశాడు. అక్కడ సున్నా ఉంది. అది ఎప్పుడు వచ్చిందో అతనికి అప్పుడే తెలిసినట్టు, బొటనవేలిని పిడికిట్లోకి మడిచాడు.

"సర్వేయర్లం. దూరాలు కొలవాలి. ఏ బండి ఎక్కినా, దిగినా సున్నా చేస్తాం. అదొక అలవాటు. దాన్ని పట్టుకుని..."

"మీ ఇంకో నివేదిక నా బల్ల మీద ఉంది. రువైస్ రేవులో చేపల పడవ తగలబడింది. మీరు చూసింది పదో తేదీ, రాత్రి తొమ్మిదిన్నరకి. రెండో పేజీలో మీరే రాశారు. అల్ వక్రా యార్డు నుంచి రేవుకి నూట ఇరవై ఏడు పాయింట్ తొమ్మిది కిలోమీటర్లు, వాహనం మీటరు ప్రకారం. యార్డు నుంచి ఎందుకు కొలిచారో చదివినప్పుడు నాకు అర్థం కాలేదు. పోనూ రానూ రెండువందల యాభై ఆరు అవుతుందో కాదో మూర్తి గారు చెప్తారు."

శ్రీరామమూర్తి మొహం మీద చెమట తుడుచుకున్నాడు. "ఆయన కారు ఏసీ పోయిందన్నారండి," అన్నాడు చివరికి, ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు. "ఏదో ఒక బండి ఇవ్వండి, ఓ నాలుగ్గంటల పని అన్నారు. తాళం ఇచ్చాను. రాత్రి తెచ్చి పెట్టేశారు. ముల్లు సంగతి... చెప్పడం మర్చిపోయానండి. పన్నెండో తారీఖు ఆయనే వచ్చి చూసి, ఆ సామాను కొత్తది వేయించమన్నారు. నా ఉద్యోగం కూడా పోద్దన్నారండి."

గజేందర్ జీపు చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చాడు. చెయ్యెత్తలేదు.

"సున్న జేసింది నువ్వేనా సార్?"

చైతన్యకి సీట్లోంచి లేవడానికి చోటు లేదు. "నాకు తెలీదు," అన్నాడు. "పోయేటప్పుడూ సగమే, వచ్చేటప్పుడూ సగమే. పెట్రోలు ఉందనుకున్నాను. మీరు ఆ సున్నాని చూసి బండి తీస్తారని నాకెలా తెలుస్తుంది?"

"అట్లనే ఇడిసిపెడితే రెండువందల యాభయ్యారు ఉండు సార్. బావ నింపుకోకుండ గేటు దాటకపోవు." గజేందర్ ఆ మాటని చాలా మెల్లగా అన్నాడు. "నన్ను గూడ అడగకపోవు."

వసుంధర నివేదిక తెరిచింది. తొమ్మిదో పేజీ. పెన్ను తీసింది.

"పదో తేదీ రాత్రి మీకు తెలీదు. ఒప్పుకుంటాను. పదకొండో తేదీ పొద్దున హన్మాండ్లుకీ తెలీదు. పన్నెండో తేదీన ఈ బండి ముందు నిలబడ్డప్పుడు మీకు తెలుసు. ఆ రోజు ఆఫీసుకి ఫోను చేసి, దగ్గర్లోనే ఉన్నాను, ఈ కేసు నేనే చూస్తానని అడిగి మరీ తీసుకున్నారు. పాత సామాను తీయించారు. చచ్చిపోయినవాడిని అజాగ్రత్తపరుడన్నారు, బతికున్నవాడిని దొంగని చేశారు." ఆమె 'హన్మాండ్లు' అన్న పేరు మీద ఒక్క గీత గీసింది. నిదానంగా, తిన్నగా. "తెలిసి కూడా అన్న రెండు మాటలూ ఉంచుతున్నాను. అవి సరైన మాటలే. పేరు ఒక్కటే తప్పు రాశారు."

"ఫరీదుద్దీన్ దీన్ని ఒప్పుకోడు," అన్నాడు చైతన్య. గొంతులో ఇస్త్రీ పోయింది.

"ఫోటోలు ఆయనకి పదిహేను నిమిషాల క్రితమే వెళ్ళాయి. చిన్న మీటరు నూట పన్నెండు మీద ఉన్నది కూడా. పోలీసులకి కాపీ పెట్టాను. తాళం బండికే ఉంచి దిగండి. ఈసారి గుండీ ముట్టుకోకండి."

పన్నెండూ యాభై. అతను దిగి షెడ్డు బయటి ఎండలోకి నడిచాడు. శ్రీరామమూర్తి ఎటు వెళ్ళాలో తేల్చుకోలేక అక్కడే నిలబడ్డాడు.

వసుంధర గజేందర్ దగ్గరికి వచ్చింది. ఇప్పుడు చెప్పవలసిన మాట ఈ రోజంతటిలోకీ కష్టమైనదని ఆమెకి తెలుసు. దాన్ని మెత్తన చెయ్యబుద్ధి కాలేదు.

"గజేందర్, ఒక సంగతి దాచను. ఫైలు ఈ రోజు మూయరు. పోలీసులు మళ్ళీ మొదటి నుంచి చూస్తారు. మీ బావ శరీరం ఇంకో వారం, పది రోజులు ఇక్కడే ఉండొచ్చు. మీరు పొద్దున్న ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంటే ఎల్లుండికి ఊరు చేరేది. ఇప్పటికీ ఆ కాగితం నా సంచిలోనే ఉంది."

అతను చెయ్యి చాపాడు. ఆమె ఇచ్చింది. అతను నాలుగు మడతలూ విప్పి, చదవకుండా, తెల్ల వైపుకి తిప్పి వేడి బానెట్ మీద పరిచాడు. ఎగిరిపోకుండా అరచేత్తో అదిమి పట్టాడు. జేబులో ఫోను మోగుతోంది. రెండో చేత్తో తీసి చూశాడు, తెర మీద 'అక్క' అని ఉంది. మోగనిచ్చాడు.

"రాసుకోండ్రి మేడం. పంపు కాడి నుంచి జెప్త. ఒక్కటి గూడ ఇడిసిపెట్టకుండ."

"పది రోజులంటున్నాను, గజేందర్."

"ఆగుతడు మేడం," అన్నాడు అతను. "నన్ను దొంగను జేసి పోవుడు బావకు సుత ఇష్టం ఉండదు. ఆగుతడు."